ఘాటు నిలుస్తుంది, రంగే జారుతుంది

మిర్చి నిల్వదారులకు వంటింటి లెక్క

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ విప్పగానే కొనుగోలుదారు ముందు చూసేది రంగు. కాయ విరిచి ఘాటు చూసేది ఆ తర్వాత. ఈ రెండు గుణాలకూ వేర్వేరు ధర ఎందుకు పలుకుతుందో వంటింటి బాణలి తేల్చి చెబుతుంది.

మిరపకు కారాన్నిచ్చేది క్యాప్సైసిన్. ఇది గింజలో కాక, గింజలు అంటుకొని ఉండే తెల్లని పొరలో తయారవుతుంది. ఎరుపునిచ్చేవాటిలో ముఖ్యమైనది క్యాప్సాంథిన్. రెండూ నీటిలో దాదాపు కరగవు, నూనెలో కరుగుతాయి. అందుకే కాగిన నూనెలో కారం వేస్తే కూరంతటికీ పట్టి, పైన ఎర్రని నూనె తేలుతుంది.

అయితే వేడికి రెండూ ఒకే తీరున నిలవవు. మామూలు వంట వేడికి క్యాప్సైసిన్ పెద్దగా చెడదు. గంటసేపు మరిగిన పులుసులోనూ కారం కారమే. రంగు అలా కాదు. నూనె మరీ కాగితే ఎరుపు ముదురు గోధుమకు, ఆపై నలుపుకు తిరుగుతుంది. చేదు కూడా వస్తుంది.

బాణలిలో నిమిషాల్లో జరిగే రంగు నష్టం గిడ్డంగిలో నెలల తరబడి నెమ్మదిగా జరుగుతుంది. వెలుతురు, గాలి, వేడి మూడూ రంగుకు శత్రువులే. పొడికి గాలి ఎక్కువగా తగులుతుంది గనుక అది కాయ కంటే త్వరగా వెలిసిపోతుంది. శీతల గిడ్డంగికి అద్దె కట్టడంలో రంగు కాపాడుకోవడం ముఖ్యోద్దేశం. తడి ఆరని కాయను లోపలికి పంపితే మాత్రం అద్దె దండగ. బూజు పట్టిన సరుకులో ఏర్పడే అఫ్లాటాక్సిన్ వంట వేడికి కూడా పూర్తిగా పోదు.

ఘాటుకు తేజను, రంగుకు కర్ణాటక బ్యాడిగిని కొని మిల్లర్లు కలిపి పట్టించడంలోని కిటుకు ఇదే. ఘాటును ఇప్పటికీ 1912లో విల్బర్ స్కోవిల్ ప్రతిపాదించిన యూనిట్లలోనే చెబుతారు. రంగుకు అమెరికా సుగంధ ద్రవ్యాల వర్తక సంఘం ప్రమాణం ఉంది.

వెలిసిన సరుకుకు రంగు కలిపితే ఏమవుతుందో 2003లో తేలింది. భారత్ నుంచి వెళ్లిన మిరప ఉత్పత్తులలో సుడాన్-1 అనే పారిశ్రామిక రంగును ఫ్రాన్స్ అధికారులు పట్టుకొన్నారు. అదీ నూనెలో కరిగేదే. ఆ ఏడాదే యూరోపియన్ యూనియన్ మిరప దిగుమతులకు పరీక్షా పత్రం తప్పనిసరి చేసింది. 2005లో బ్రిటన్‌లో ఇదే రంగున్న కారం చేరిన వందలాది ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కు తీసుకొన్నారు.

ధర పెరుగుతుందని సరుకు పట్టి ఉంచే వర్తకుడు అద్దె, వడ్డీలతో పాటు రంగునూ లెక్కలో వేసుకోవాలి. డీలక్స్ సరుకు మీడియంకు దిగితే, క్వింటాలుకు పెరిగిన రూపాయలు అక్కడే హరించుకుపోవచ్చు.