గడ్డిమందుకు విరుగుడు లేదు: సీసాల్లో పోస్తే ప్రాణాపాయం

ఆత్మకూర్: పొలం గట్లపై గడ్డిని మాడ్చే పారాక్వాట్ మందు ఒక్క గుక్క కడుపులోకి పోయినా ప్రాణాంతకమే. దీనికి విరుగుడు లేదు. 1933 నాటికే మిథైల్ వయోలోజెన్ పేరుతో ప్రయోగశాలల్లో వాడిన రసాయనమిది. ఇది గడ్డిని చంపుతుందని 1955లో తేలింది. కేరళ ప్రభుత్వం 2011లో దీన్ని నిషేధించింది.

మింగిన వారికి ముందు నోరు, గొంతు పుండ్లు పడతాయి. మనిషి తేరుకున్నట్లు కనిపించినా లోపల మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటూనే ఉంటాయి.

మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాల్లో పోయరాదు. దాహంతో వచ్చిన పిల్లలకు సీసాయే తెలుస్తుంది, విషం తెలియదు. అసలు డబ్బాలోనే ఉంచి తాళం వేయాలి. ఒంటిపై పడితే బట్టలు విప్పి సబ్బునీళ్లతో కడగాలి. మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కిస్తూ కాలయాపన చేయక, డబ్బాతో సహా వెంటనే పెద్దాసుపత్రికి తరలించాలి.