వెల్డింగ్ మిషన్ మొరాయిస్తోందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

జీవామృతం డ్రమ్ముకి స్టాండు, విరిగిన వీడర్ బ్లేడుకి అతుకు... ఇలాంటి పనులకి మనలో చాలామంది ఇంట్లోనే 200 ఆంప్స్ ఇన్వర్టర్ మిషన్ పెట్టుకుంటున్నాం. రాడ్ అతుక్కుపోతూ ఆర్క్ నిలవకపోతే "మిషన్ పోయింది" అనేస్తాం. ఎక్కువసార్లు తప్పు మిషన్‌లో ఉండదు.

ముందు కరెంటు చూడండి. ఇంటి నుంచి షెడ్డుకి సన్న వైరు 50 మీటర్లు లాగితే, లోడ్ పడగానే ఓల్టేజీ పడిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు 230 చూపిస్తే సరిపోదు. ఒకరు వెల్డింగ్ కొడుతుండగా ఇంకొకరు ప్లగ్గు దగ్గర మల్టీమీటర్‌తో చూడాలి. వైరు 4 ఎస్‌క్యూ ఎంఎం రాగిది వాడండి, చుట్ట పూర్తిగా విప్పండి. వైరు మార్చక ముందు, మార్చాక తేడా ఎలా ఉందో వీడియోలో చూపించాను.

తర్వాత ఎర్త్ క్లాంపు. తుప్పు, పెయింటు గీకి పట్టించండి. వానాకాలం రాడ్లు చెమ్మ పీలుస్తాయి, కొత్త ప్యాకెట్‌లోంచి ఒకటి తీసి కొట్టి చూడండి.

హీట్ లైటు ఊరికే వెలుగుతుంటే ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూసి దుమ్ము ఊదండి. ప్లగ్గు తీసిన వెంటనే మిషన్ విప్పి చెయ్యి పెట్టొద్దు, కెపాసిటర్లలో 300 ఓల్టుల పైనే మిగిలి ఉంటుంది.

ఆన్ చెయ్యగానే ఎంసీబీ పడిపోతుంటే మాత్రం లోపల పవర్ బోర్డు పోయి ఉండొచ్చు. రిపేరు ఖర్చు ముందే అడగండి. కొత్తదాని ధరలో సగం దాటితే నేనైతే చేయించను, బాగుచేసిన బోర్డుకి గ్యారంటీ ఇచ్చేవాళ్లు తక్కువ. పాత రాగి వైండింగ్ మిషన్ అయితే లెక్క వేరు, రీవైండింగ్ ధర కనుక్కున్నాకే అమ్మండి.