రెండు కన్నులు – ఒక లోతు

చోడవరము చెంత చెరకుతోట గట్టున నిలిచి, ఒక కన్ను మూసి చూడుడు. ఏ గడ ముందున్నదో, ఏది వెనుకనున్నదో చప్పున పోల్చుకొనలేము. రెండవ కన్ను తెరచినంతనే గడలు వేరువేరు దూరములలో నిలుచును. రెండు చెవులున్నందున మాట ఏ దిక్కునుండి వచ్చినదో తెలిసినట్లే, రెండు కన్నులున్నందున లోతు తెలియును.

మన కన్నుల నడుమ సుమారు రెండున్నర అంగుళముల ఎడమున్నది. కావున కుడికంటి బొమ్మకును ఎడమకంటి బొమ్మకును స్వల్పభేదముండును. ఆ భేదమునుండియే మెదడు లోతును గ్రహించును. ఈ సంగతిని 1838లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు చార్లెస్ వీట్‌స్టన్ నిరూపించెను. కంటి అద్దములు పెట్టుకొని ‘చిన్నారి చేతన’ చిత్రమును చూచినవారికి దీని ఫలము అనుభవమే.

ఇదే సూత్రముతో 1995లో జపానుకు చెందిన నిన్‌టెండో సంస్థ ‘వర్చువల్ బాయ్’ అను ఆటల యంత్రమును వెలువరించెను. దాని రూపకర్త గున్‌పెయ్ యొకొయ్. అందు కంటికొక వరుస చొప్పున 224 సన్నని ఎర్రదీపములు ఉండును. వాటి యెదుట అద్దము సెకనుకు 50 మారులు ఊగుచు, ఆ ఒక్క వరుసను నిండు బొమ్మగా పరచును. ఒక్కొక్క కంటికి వేరు బొమ్మ.

ఆ యంత్రమునకై వచ్చిన ‘వారియో లాండ్’ ఆటలో లోతు కేవలము అలంకారము కాదు. నాయకుడు ముందరి తలమునుండి వెనుకటి తలమునకు దుమికి నిధులు వెదకును. ముండ్లగుండ్లు వెనుకనుండి మన మీదికే ఊగివచ్చును. దూరమును అంచనా వేయలేనివాడు దెబ్బ తినును. అయినను ఎరుపు తప్ప వేరు రంగు లేకపోవుట, కన్నులు అలసి తలనొప్పి కలుగుట వలన జనులు ఆదరింపలేదు. 1996లో యంత్రపు అమ్మకము ఆగిపోయెను.

ఏడేండ్లలోపు పిల్లలకు దీనిని ఈయరాదని తయారుచేసినవారే హెచ్చరించిరి. ఆ వయసున చూపు ఇంకను కుదురుకొనుచుండుటయే కారణము. ఈ మాట ఆటకంటె ముఖ్యమైనదని మా అభిప్రాయము. మెల్లకన్ను ఉన్న బిడ్డలో మెదడు ఒక కంటి బొమ్మను త్రోసివేయును, క్రమముగా ఆ కన్ను మందగించును, లోతు తెలియకపోవును. బిడ్డకు మాత్రము లోపమున్నట్లే తెలియదు, పుట్టినది మొదలు లోకమును అట్లే చూచుచుండును గనుక.

కావున పెద్దలే కనిపెట్టవలెను. బిడ్డ కన్నులను ఒకటి తరువాత ఒకటిగా అరచేత మూసి చూడుడు. ఒక కన్ను మూసినప్పుడు మాత్రమే బిడ్డ పేచీ పెట్టినచో, రెండవ కంటి చూపు తక్కువై ఉండవచ్చును. మెల్లకన్నును అదృష్టమని మురియక, వెంటనే నేత్రవైద్యునికి చూపవలెను. చికిత్స ఎంత చిన్ననాడు మొదలిడిన అంత మేలు.