వేపర్‌వేర్

వేపర్ అంటే ఆవిరి. వస్తోంది వస్తోందని ఊరించి, ఎంతకీ బజారుకు రాని సరుకుకు కంప్యూటర్ రంగం పెట్టుకున్న పేరు వేపర్‌వేర్. 1980ల తొలినాళ్లలో అమెరికాలో పుట్టిన మాట ఇది. 1983 నవంబరులో ప్రకటించిన విండోస్ తొలి వెర్షన్ రెండేళ్లకు గానీ విడుదల కాలేదు. దాంతో దానిమీదా ఈ ముద్ర పడింది.

అలా ఊరించి రాకుండా పోయిన టాబ్లెట్లలో నేను మరచిపోలేనిది మైక్రోసాఫ్ట్ ‘కొరియర్’. 2009 సెప్టెంబరులో దాని బొమ్మలు, వీడియో బయటికి పొక్కాయి. పుస్తకంలా తెరుచుకునే రెండు తెరలు, ఒక్కోటి దాదాపు 7 అంగుళాలు. వేలితో తాకొచ్చు, కలంతో రాయొచ్చు. ఒక తెర మీది బొమ్మను మధ్య మడతలో దాచి, పేజీలు తిప్పి, కావలసిన చోట అతికించుకోవచ్చు. నోటుపుస్తకం లేనిదే ఆలోచన సాగని వాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి! ఈమెయిల్‌కు అందులో విడిగా ప్రోగ్రామే లేదని తర్వాత కథనాలొచ్చాయి. నా మటుకు అది పెద్ద లోటు కాదు. రాసుకోవడానికి తలపెట్టిన పరికరాన్ని రాత సుఖాన్ని బట్టే కొలవాలి.

కంపెనీ తన నోటితో ప్రకటించలేదు కాబట్టి కొరియర్‌ను వేపర్‌వేర్ అనకూడదనే వాదన ఉంది. అది న్యాయమైన వాదనే. ఆశ పెంచింది ఊహాగానాలే.

ఈలోగా 2010 జనవరి 27న ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ తమ టాబ్లెట్ ఐప్యాడ్‌ను చూపించారు, ధర 499 డాలర్ల నుంచి. ఏప్రిల్ 3న అది అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. అదే నెలాఖరులో, కొరియర్‌ను తయారు చేసే ఆలోచన లేదని మైక్రోసాఫ్ట్ తేల్చి చెప్పింది.