ప్రాణుల చుట్టఱికమును తెలిసికొను విధము



తిమింగలము సముద్రమున చేపవలె ఈదును. రూపమును మాత్రమే చూచినవారు దానిని చేపయనియే తలంతురు. కాని యది గాలి పీల్చును. పిల్లను కని పాలిచ్చును. అంతేకాదు, నేడు బ్రదికియున్న జంతువులలో దానికి మిక్కిలి దగ్గఱి చుట్టము ఆఫ్రికా నదులలోని నీటిగుఱ్ఱమని జీవశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఏ యాధారముతో ఇట్లు చెప్పుదురో విచారింతము.

మొదట తెలియవలసినది, పోలిక వేఱు, చుట్టఱికము వేఱు. గబ్బిలమునకును కాకికిని రెక్కలున్నవి. కాని గబ్బిలపు రెక్క సాగిన వ్రేళ్లమధ్య పఱచిన చర్మము. కాకిరెక్క ఈకల కూర్పు. ఎగురుటకై అవి వేఱువేఱుగా ఏర్పడినవి. కావున రెక్కలను బట్టి వానిని దాయాదులనరాదు. మఱి వెన్నెముకయో, ఆవునకును గుఱ్ఱమునకును కప్పకును కలదు. ఈ మూటిలో ఏ రెండు దగ్గఱివో అది చెప్పజాలదు. అందఱకును పూర్వమునుండి వచ్చిన సొత్తు దాయభాగమును తేల్చదు గదా!

దీనిని నేనెఱిగిన విద్యతో పోల్చి చెప్పెదను. తాళపత్రప్రతులను పరిష్కరించు పండితులము ఇట్టి పనియే చేయుదుము. ఒక కావ్యమునకు అయిదు ప్రతులు దొరికినవనుకొందము. అన్నిటను సరియైన పాఠమున్నచోట వాని పుట్టుక తెలియదు. కాని రెండు ప్రతులలో ఒకేచోట ఒకే పాదము పొరపాటున రెండుమాఱులు వ్రాయబడియున్నచో, ఆ రెండును ఆ తప్పుగల యొక మాతృకనుండి వచ్చినవని నిశ్చయింతుము. ఆ మాతృక నశించినను సరియే. ఇద్దఱు లేఖకులు వేఱువేఱుగా అదేచోట అదే తప్పు చేయుట మిక్కిలి యరుదు. తప్పే వంశమును తెలుపును.

జర్మను శాస్త్రజ్ఞుడు విల్లీ హెన్నిగ్ 1950లో ప్రాణులకు ఇట్టి న్యాయమునే గ్రంథరూపమున ప్రతిపాదించెను. నడుమ క్రొత్తగా పుట్టి కొన్నిటికే సంక్రమించిన మార్పులే చుట్టఱికమునకు సాక్ష్యములు.

ప్రాణుల కణములలోని డి.ఎన్.ఏ. నాలుగక్షరముల లిపివంటిది. అది తల్లిదండ్రులనుండి బిడ్డకు నకలై వచ్చును. ఒక్కొక్కప్పుడు అందలి చిన్న తునుక నకలై మఱియొకచోట చొరబడును. జపానులో నోరిహిరో ఒకాడాయు ఆయన సహచరులును ఇట్టి తునుకలను పరిశీలించిరి. తిమింగలములకును నీటిగుఱ్ఱమునకును ఒకేచోట చొరబడిన తునుకలు కొన్ని కలవనియు, ఆవు, పంది, ఒంటెలలో అవి ఆ చోటుల లేవనియు 1999లో ప్రకటించిరి. రెండుమాఱులు వ్రాసిన పాదమువంటి సాక్ష్యమిది.

రాళ్లును సాక్ష్యమిచ్చినవి. మేక, ఆవు మొదలగువాని చీలమండలో, రెండు కొనలును నూతిగిలకవలె నుండు ఎముక యొకటి కలదు. పాకిస్తానులో దొరికిన తొలి తిమింగలముల శిలాజములలో అట్టి యెముకయే కలదని 2001లో వెల్లడియయ్యెను. మన దేశమునకును ఇందు పాలున్నది. జమ్మూకాశ్మీరములోని కాలాకోట్ ప్రాంతమున దొరికిన శిలాజమునకు భూగర్భశాస్త్రజ్ఞుడు ఏ. రంగారావు 1971లో ఇండోహయస్ అని పేరిడెను. అది సుమారు 4 కోట్ల 80 లక్షల యేండ్లనాటి చిన్న గిట్టలజంతువు. ఆయన సేకరించిన రాళ్లలోని పుఱ్ఱెను థ్యూయిస్సెన్ బృందము పరీక్షింపగా, చెవియెముక లోపలిగోడ తిమింగలములకు వలెనే దళసరిగా నుండెను. ఇది 2007లో ప్రకటితమయ్యెను.

అయినను నీటిగుఱ్ఱమే తిమింగలమైనదని యెవ్వరును చెప్పరు. రెండును ఒక పూర్వజంతువు సంతతి. ఒకటి యేటను నిలిచెను, ఒకటి కడలికేగెను. మనుష్యుడు కోతికి పుట్టెనని శాస్త్రము చెప్పునని పలువురు నొచ్చుకొందురు, బిడ్డలతో వాదింతురు. శాస్త్రము చెప్పునది అది కాదు. మనుష్యుడును చింపాంజీయు ఒక మాతృకనుండి వచ్చిన రెండు ప్రతులు. ఒకటి మఱియొకదానికి నకలు కాదు. జ్ఞాతిని తండ్రియనుట వంశమెఱిగినవారు చేయరాని పని. మీ మనుమలు ఈ విషయమడిగినచో, "వారిద్దఱకును మాత్రమే గల మార్పు ఏది?" యని తిరిగి యడుగుడు. ఆ ప్రశ్నతోనే ఈ శాస్త్రము మొదలగును.