రక్తము

బాలబాలికలారా, కాలిలో తుమ్మముల్లు నాటినప్పుడు ఉబుకు నెత్తుటిబొట్టును మీరందఱును చూచియే యుందురు. అది యెఱ్ఱని నీరువలె తోచును. పరీక్షించి చూచితిమేని అందు సగమునకు మించినది లేతపసుపు వన్నెగల ద్రవమే. ఆ ద్రవమునందు కణములు తేలుచుండును. ఆవగింజకంటె చిన్నదగు ఒక ఘన మిల్లీమీటరు రక్తమున సుమారు 45 మొదలు 50 లక్షల యెఱ్ఱకణములుండును! తెల్లకణములు చాల తక్కువ. అవి రోగక్రిములతో పోరాడును. పుండునందలి చీములో ఎక్కువభాగము పోరాడి చచ్చిన తెల్లకణములే. గాయమైనచోట నెత్తురు గడ్డకట్టించు మఱియొకజాతి సన్నని పలుకులును గలవు.

ఎఱ్ఱకణములకు ఆ వన్నె హీమోగ్లోబిను అను పదార్థమువలన కలిగినది. నాగటికఱ్ఱునందున్న యినుమే దానిలోను గలదు. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును పట్టుకొని దేహమంతటికిని పంచిపెట్టునది యిదియే. తిరిగివచ్చునప్పుడు రక్తము బొగ్గుపులుసు గాలిని మోసికొనివచ్చును. పెద్దవారికి సుమారు 5 లీటర్ల రక్తముండును. గుండె దానినంతయు నిమిషమున కొక చుట్టు త్రిప్పుచున్నది.

ఎఱ్ఱకణము బ్రదుకు 120 దినములు మాత్రమే. కావున ఎముకలలోని మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా క్రొత్త కణములను చేయుచుండవలెను. ఇందులకు ఇనుము చాలదు. ఫోలిక్ ఆమ్లమును కావలెను. లాటిను భాషలో ఆకును ఫోలియమ్ అందురు. ఆకుకూరలలో నుండుటచే దానికీ పేరు వచ్చినది. 1945లో దీనిని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు పెద్ద యెవ్వరో యెఱుగుదురా? భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. తిన్నది ఒంటబట్టనీయక రక్తమును క్షీణింపజేయు స్ప్రూ అను జబ్బు ఆయన సోదరుని బలిగొనెను. ఆయనయు దానిచే బాధపడెను. ఆ జబ్బునకే ఫోలిక్ ఆమ్లము మందైనది.

ఇప్పుడు బడులలో వారమున కొకతూరి యిచ్చు నీలిమాత్రయందున్నవి ఈ రెండే: ఇనుము, ఫోలిక్ ఆమ్లము. కొందఱు దానిని పిడికిట దాచి కిటికీ యవతలికి విసరుట మేమెఱుగుదుము. మలము నల్లబడునని భయపడుదురు కాబోలు. అది యినుము గుణము, హాని లేదు. అన్నము తిన్నపిమ్మట మ్రింగినచో కడుపు త్రిప్పుటయు తగ్గును.

తల్లిదండ్రులకు ఒక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఈడేరిన బాలికలకు నెలనెల రక్తము పోవును గాన వారికి మఱింత కావలెను. పాఠమున కునుకుచు, నాలుగడుగులు పరుగెత్తగనే రొప్పు బిడ్డను సోమరియని తిట్టుటకు ముందు కనుఱెప్ప లోపలిభాగము చూడుడు. పాలిపోయియున్నచో ఆరోగ్యకేంద్రమున రక్తపరీక్ష చేయింపుడు. మన సంజామల చుట్టుపట్ల నల్లరేగడిలో పండు సెనగలు, సజ్జరొట్టె, తోటకూర, మునగాకు దొరకనివి కావు. వానితో నిమ్మరసము చేర్చినచో ఇనుము చక్కగ ఒంటబట్టును. భోజనమైన వెంటనే టీ త్రాగినచో ఆ లాభము తగ్గిపోవును. బహిర్భూమికి చెప్పులు లేక పోవు పిల్లలకు కొంకిపురుగులు పాదముల చర్మముగుండ ప్రవేశించి, ప్రేవులలో చేరి నెత్తురు పీల్చును. వారికి పురుగుల మందుకూడ ఇప్పింపవలెను.