1991లోనే అంతా మొదలైందా?

మన దేశ ఆర్థిక చరిత్ర గురించి ఏ రైలు పెట్టెలోనో మాట కలిస్తే రెండు కథలు తప్పక వినిపిస్తాయి. ఇంగ్లిషువాళ్లు రాకముందు మనది బంగారు దేశమన్నది ఒకటి. 1991లో పీవీ నరసింహారావు ప్రధాని అయ్యేదాకా ఎక్కడి గొంగళి అక్కడే ఉందన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అందుకే అవి జనం మనసుల్లో అంత గట్టిగా నాటుకుపోయాయి.

అపోహ: ఒకప్పుడు ప్రపంచ సంపదలో నాలుగో వంతు మనదే. జనమంతా సిరిసంపదలతో తులతూగేవారు.

వాస్తవం: 1700 ప్రాంతంలో ప్రపంచ ఉత్పత్తిలో భారత ఉపఖండం వాటా సుమారు నాలుగో వంతని ఆర్థిక చరిత్రకారుడు ఆంగస్ మాడిసన్ లెక్కగట్టాడు. ఆయన లెక్కల్లోనే ప్రపంచ జనాభాలో మన వాటా కూడా దాదాపు అంతే. కాబట్టి తలసరిన చూస్తే మనం ప్రపంచ సగటుకు దగ్గర్లోనే ఉన్నాం. మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ 1611లో వర్తక స్థావరం పెట్టింది ఇక్కడి నేత, అద్దకం బట్టల కోసమే. ఆ పనితనం నిజం, ఆ వ్యాపారం నిజం. అయితే దక్కన్ వజ్రపు గనుల్లో కూలీల వేతనం ఎంత తక్కువో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఆనాడే రాసిపెట్టాడు.

అపోహ: రైళ్లు ఇంగ్లిషువాళ్లు మనకిచ్చిన కానుక.

వాస్తవం: 1853లో బొంబాయి–ఠాణే మధ్య మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. రైల్వే కంపెనీల్లో డబ్బు పెట్టిన బ్రిటిష్ మదుపరులకు 5 శాతం రాబడి ఖాయమని ప్రభుత్వం హామీ ఇచ్చింది. లాభం అంతకు తగ్గితే మన పన్నుల సొమ్ముతో పూడ్చారు. దాన్ని కానుక అనడం నాకు సమ్మతం కాదు.

అపోహ: స్వాతంత్ర్యం వచ్చాక 1991 దాకా గడిచిన కాలమంతా వృథా.

వాస్తవం: దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇరవయ్యో శతాబ్దంలో వలస పాలన సాగినంత కాలం మన తలసరి ఆదాయం దాదాపు కదల్లేదు. ఆ తర్వాత మూడు దశాబ్దాలు ఏటా సగటున 3.5 శాతం వృద్ధి. జనాభా కూడా 2 శాతానికి పైగా పెరగడంతో ఇంటింటికీ అందింది స్వల్పమే. లైసెన్సు–పర్మిట్ల పద్ధతి పరిశ్రమల కాళ్లకు బంధం వేసింది. స్కూటర్ బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. అయినా 1951లో 18 శాతమున్న అక్షరాస్యత 1991కి 52 శాతమైంది. నాగార్జునసాగర్ లాంటి ప్రాజెక్టులు, ప్రభుత్వ కర్మాగారాలు, ఇంజనీరింగ్ కాలేజీలు ఆ కాలానివే. 1980ల్లోనే వృద్ధి 5 శాతం దాటింది.

ఆ వేగంలో అప్పులూ పెరిగాయి. గల్ఫ్ యుద్ధంతో చమురు ధర మండింది. 1991లో రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా విదేశీ మారకం మాత్రమే మిగిలింది. దాదాపు 47 టన్నుల బంగారం విదేశాల్లో కుదువ పెట్టాల్సి వచ్చింది. అంతటి ఇరకాటంలో, మైనారిటీ ప్రభుత్వాన్ని నడుపుతూ, పీవీ, ఆయన ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ జులైలో ఆర్థిక విధానాన్ని దారి మళ్లించారు. అది గొప్ప తెగువ. కానీ వాళ్లు నిలబడింది అంతకుముందు వేసిన పునాది మీదే.

అపోహ: జీడీపీలో వ్యవసాయం వాటా పడిపోయింది. అంటే సాగు చితికిపోయింది, జనం పొలాలు వదిలేశారు.

వాస్తవం: 1950–51లో దాదాపు 5 కోట్ల టన్నులున్న ఆహారధాన్యాల దిగుబడి 2023–24కి 33 కోట్ల టన్నులకు చేరింది. మిగతా రంగాలు ఇంకా వేగంగా పెరిగాయి కాబట్టి దాదాపు సగమున్న సాగు వాటా 18 శాతానికి దిగింది. జపాన్, దక్షిణ కొరియాల్లో పొలం విడిచినవాళ్లకు ఫ్యాక్టరీలు పని చూపాయి. మన దగ్గర జీడీపీలో ఫ్యాక్టరీల వాటా దశాబ్దాలుగా ఆరో వంతు దగ్గరే ఆగిపోయింది. ఈసారి వృద్ధి రేటు వార్త చదివినప్పుడు, పొలం పని నుంచి ఎంతమంది బయటపడగలిగారో కూడా వెతకండి. 2018–19లో దేశంలోని ప్రతి వందమంది శ్రామికుల్లో 42 మందికి పైగా సాగు మీద ఉన్నారు. 2023–24లో ఆ సంఖ్య 46. దేశ ఆదాయంలో ప్రతి వంద రూపాయల్లో 18 మాత్రమే వాళ్లంతా పంచుకోవాలి.